బందు రోజు మార్చిన డయోడ్లు

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడిచిన రోజుల్లో కోరుట్లలో నాకు జనరేటర్లు బాగుచేసే షాపు ఉండేది. బందు అంటే అందరికంటే ముందు నా షట్టరే దిగేది. బందు చెయ్యమని చెప్పేవాడు నా దోస్తు. మేడిపల్లి బళ్లో ఇద్దరం ఒకే బెంచీ. అప్పటికే అతను రైస్ మిల్లు యజమాని, ఊరేగింపుల్లో ముందు నడిచే మనిషి.

సమ్మెతో కరెంటు సరిగా రాని ఆ రోజుల్లో, సిరిసిల్లలో సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపే మా బామ్మర్ది ఫోన్ చేశాడు.

"బావా, జనరేటర్ ఇంజన్ తిరుగుతుంది గని కరెంటు అస్తలేదు. సాంచలన్నీ ఆగినయి. ఒక్కసారి రా."

"బంద్ల పని ముట్ట. మనోళ్ల మొఖం ఎట్ల చూడాలె?" అన్నాను. అతను ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పొద్దున దోస్తు వచ్చాడు. "దీక్ష టెంటుల మైకు బందయిందిరా. నా జనరేటర్ జర చూడు, ట్రాక్టర్ మీద టెంటుకు పంపుత."

"మైకుకు గంత పెద్దదెందుకు?"

"లైట్లు, ఫ్యాన్లు గూడ పెట్టాలె గద."

మిల్లుకు పోయి, జనరేటర్ వెనక మూత విప్పి మీటరు పెట్టాను. రెక్టిఫైయర్‌లో రెండు డయోడ్లు కాలిపోయాయి. కరెంటును ఒక్కవైపే పోనివ్వాల్సినవి రెండువైపులా వదిలేస్తున్నాయి. జగిత్యాల వెళ్లి, షాపతన్ని ఇంటి దగ్గర బతిమాలి కొత్తవి తెచ్చాను. కాలినవి రెండే అయినా అన్నీ మార్చాను. ఉద్యమం పని కదా, మధ్యలో ఆగకూడదనుకున్నాను. ఇంజన్ వేస్తే బల్బు తెల్లగా వెలిగింది.

సాయంత్రం టెంటుకు పోయాను. మైకు లేదు. గొంతులు బొంగురుపోయేలా నినాదాలిస్తున్నారు. జనరేటర్ ఏదని అడిగితే, "ఏ జనరేటరన్నా?" అన్నారు.

అక్కణ్నుంచి మిల్లుకు పోయాను. షట్టరు దించే ఉంది. లోపల మర ఆడుతున్న చప్పుడు రోడ్డు మీదికి వినిపిస్తోంది. పక్క తలుపులోంచి వెళ్లాను. నేను బాగుచేసిన జనరేటర్ నడుస్తోంది, దోస్తు తవుడు దుమ్ములో నిలబడి ఉన్నాడు.

"వడ్లు ముక్కిపోతున్నయిరా. నేనేం గావాలె?"

"మరి మా బామ్మర్ది ఏం గావాలె?"

"గది వేరు, గిది వేరు," అన్నాడు, నా కళ్లలోకి చూడకుండా.

ఆ డయోడ్లు మళ్లీ ఊడబెరకాలనిపించింది. ముట్టకుండానే బయటికి వచ్చేశాను.

మర్నాడు బండి మీద సిరిసిల్ల పోయాను. మా బామ్మర్ది తలుపు తీసి, "బందు అయిపోయిందా బావా?" అని అడిగాడు. అందులో వెటకారం లేదు. "కాలేదు," అని చెప్పి, నేరుగా జనరేటర్ దగ్గరికి నడిచాను.

రాష్ట్రం వచ్చిన రోజు దోస్తు రంగులతో వచ్చి నన్ను గట్టిగా కావలించుకున్నాడు. ఆ సంతోషం నాదీ. కానీ నా చేతులు మాత్రం లేవలేదు.