ఈదమ్మకు సాక పోసిన మా మేనత్త

మా మేనత్త పోయింది. ఆదివారం పొద్దున కామాఠిపుర నుంచి మనిషి వర్లికి వచ్చి చెప్పాడు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన నేను చెప్పులు విప్పకుండానే మళ్ళీ బయల్దేరాను. డెబ్బై దాటిన మనిషి. కొన్నాళ్ళుగా ఆయాసం. గంజి తాగి పడుకుంది, తెల్లారి లేవలేదు. ఆమె కోసం ఏడ్చినవాళ్ళు ఆమె ఉండే చాల్ గదుల నిండా ఉన్నారు. ఆమె నోటికి జడిసి బతికినవాళ్ళు కూడా తక్కువేం కాదు. వాళ్ళూ వచ్చారు.

పెళ్ళైన కొత్తలో మామతో కలిసి పాలమూరు నుంచి బొంబాయికి బిల్డింగు పనికి వచ్చింది. ఇటుకలు మోసింది, కంకర మోసింది. అప్పటి నుంచీ అదే చాల్, అదే ఒంటి గది ఖోలీ. నేనూ అక్కడే పెరిగాను. ఊరు విడిచేటప్పుడు ఈదమ్మ గద్దె దగ్గరి మట్టి కొంగున ముడేసుకొచ్చిందట. గల్లీ మొదట్లో, నీళ్ళ నల్లా పక్కన ఆ మట్టి పోసి, పని దగ్గర దొరికిన నల్లరాయి ఒకటి దాని మీద నిలిపింది. మా గల్లీ ఈదమ్మ అదే.

ఊళ్ళో పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ ఇంతమంది ఉండగా ఈమెనే ఎందుకు తెచ్చావని ఒకసారి అడిగాను.

"మైసమ్మ చెరువుకట్ట కాస్తది. ఈడ చెరువేది? పనిలేని తల్లిని తోలుకొచ్చి ఏం జేస్తంరా?" అంది. "ఈదమ్మ తొవ్వకు నిలవడి ఏమొస్తుందో ఏం బోతుందో చూస్తది. బొంబాయిల గసుంటామెనే గావాలె."

దేవతలను కూడా పనిని బట్టే చూసేది. రోజూ నల్లా రాగానే మొదటి చెంబు ఈదమ్మకే. అందులో పసుపు కలిపి, వేపరెమ్మ వేసి రాయి మీద పోసేది. దాన్ని మేము సాక అంటాం. దండం పెట్టడం తక్కువ, నిలదీయడం ఎక్కువ. "నా మనుమడు రెండొద్దుల నుంచి జరంతోని మూలుగుతుండు. నువ్వు యాడికి చూస్తున్నవే?" అని గదమాయించేది. క్యూలో బిందెలు పెట్టుకున్నవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆమె పట్టించుకునేది కాదు.

ఎదురుగా బేకరీ ఉండేది. ఆ ఇంటి ఆవిడకు మా మాటలు సగమే అర్థమయ్యేవి. ఒక ఈద్ నాడు గిన్నె నిండా పాలల్లో సేమ్యాలు వండిన షీర్ ఖుర్మా పట్టుకొచ్చి, "తుమ్హారీ ఈద్ అమ్మా కే లియే" అంది, మీ ఈద్ అమ్మ కోసమని. మా దేవత పేరులో ఆమెకు తన పండగ వినిపించింది. అత్త ఆమె మొహంలోకి చూసింది. తర్వాత గిన్నె అందుకుని రాయి ముందు పెట్టి, అందరికీ తలా ఇంత పంచింది. అసలు సంగతి చెప్పలేదేమని నేనడిగితే, "పేరు తప్పైతే పాలు ఇరుగుతయా?" అంది. ఆ తర్వాత ఏటా గిన్నె వచ్చేది. దసరాకు మా ఇంటి నుంచి గారెలు వెళ్ళేవి.

ఎనభై నాలుగు ప్రాంతంలో సిటీలో మతాల గొడవలు జరిగాయి. బేకరీ కొన్నాళ్ళు మూసే ఉంది. అప్పుడే మా గల్లీ కుర్రవాళ్ళకు ఈ పేరు గుచ్చుకోవడం మొదలైంది. వాళ్ళంతా ఇక్కడే పుట్టినవాళ్ళు. వీధిని గల్లీ అనడమే తప్ప ఈది అనే మాట వాళ్ళ నోట లేదు. రాయి తీసేసి, అక్కడే కప్పు వేసి పాలరాతి దుర్గామాతను పెడతామన్నారు. చాల్ ముందు అందరూ కూర్చున్నారు. కుర్రవాళ్ళ తరఫున మాట్లాడింది మల్లేశ్. పనిలో అతన్ని మహేశ్ అంటారు.

"పెద్దమ్మా, బయటోళ్ళు నవ్వుతుండ్రు. మీ దేవి ముసల్మానా అంటుండ్రు. దుర్గామాత అంటే అందరికీ సమజైతది."

"షీర్ ఖుర్మా తిన్ననాడు నోరు తియ్యగుండె. ఇయ్యాల పేరు చేదైందార?"

జనం నవ్వారు. మల్లేశ్ నవ్వలేదు. "గట్ల కాదే పెద్దమ్మా. పేరే గద మారేది."

"పేరేనా? నిన్ను పని కాడ మహేశ్ అంటరు. ఇంట్ల మీ అమ్మ అన్నం పెట్టి ఏమని పిలుస్తది?"

అత్త అతని వైపు జరిగి కూర్చుంది.

"ఈది అంటే గల్లీరా కొడుకా. గల్లీల ఉండే అమ్మ ఈదమ్మ. దుర్గమ్మ పెద్దింటి తల్లి, ఆమెకు బొంబాయి నిండ గుళ్ళున్నయి. ఈమెకు ఈ గల్లీ తప్ప ఎవలున్నరు?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నేనున్నన్ని దినాలు ఉండనియ్యుండ్రి. అటెనుక మీ ఇష్టం," అంది.

ఆమె ఎవరినీ బతిమాలడం నేను చూసింది ఆ ఒక్కసారే. దుర్గామాత మాట అక్కడితో ఆగింది. రాయి చుట్టూ తెల్ల టైల్స్ వేస్తామంటే సరేనంది. కప్పు మాత్రం వద్దంది, వాన మీద పడకపోతే వాన వచ్చిందని తల్లికెట్లా తెలుస్తదని. పిల్లలు కొందరు గల్లీమాత అనడం మొదలుపెట్టారు. దానికీ ఆమె ఏమీ అనలేదు. "మాట మారింది, మనిషి మారలే" అనేది.

ఆమె ఉన్నన్ని దినాలు అయిపోయాయి. శవాన్ని ఎత్తేటప్పుడు నా కళ్ళు ఆ రాయి మీదికే పోయాయి. మాకు మైల, ముట్టుకోకూడదు. ఆ రోజు సాక పోసినవాళ్ళు లేరు. పసుపు ఎండి పొలుసులు లేచింది. కొందరు అప్పుడే రాయికి కప్పు వేసే సంగతి మాట్లాడుతున్నారు. పీనుగు ముందు ఈ మాటలేమిటని కోప్పడేవాడినే. మీ ఇష్టం అన్నది ఆమే కాబట్టి ఊరుకున్నాను.

మూడో నాడు పొద్దున మళ్ళీ వెళ్ళాను. నల్లా అప్పుడే వచ్చింది. బిందెల క్యూ గల్లీ మలుపు దాకా ఉంది. మల్లేశ్ పనికి పోయే బట్టల్లో ఉన్నాడు, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు. అతని చేతిలో స్టీలు చెంబు, అందులో పసుపునీళ్ళు, వేపరెమ్మ. ఎక్కడి నుంచి పోయాలో తెలియక రాయికి ఆ పక్కకూ ఈ పక్కకూ జరిగాడు.

"నెత్తి మీదికెల్లి పొయ్యిరా," అని క్యూలో నుంచి ఒక ముసలమ్మ అరిచింది.

పోశాడు. పెదవులు కదిలాయి. "ఈదమ్మా" అన్న మాట వరకే వినపడింది. చెంబులో మిగిలిన వేపరెమ్మ తీసి రాయి మీద పెట్టాడు. పసుపునీళ్ళు తెల్ల టైల్స్ మీది నుంచి జారి, గల్లీ రాళ్ళ సందుల్లో పడి బిందెల వైపు నడిచాయి. క్యూలో నిలబడ్డ ఆడవాళ్ళు మాటలు ఆపకుండానే, ఒకరి తర్వాత ఒకరు చీర అంచులు పైకి పట్టుకుని, ఆ నీళ్ళు తొక్కకుండా పాదాలు పక్కకు తీసుకున్నారు.