స్వామివారికి జ్వరం వచ్చిన ఏకాదశి

కరోనా పోయాక మా ఆరోగ్య శాఖకు ఒక కొత్త జ్ఞానం కలిగింది. రేపు ఫ్లూ మహమ్మారి వస్తే గుళ్లూ చర్చీలూ ముందే సిద్ధంగా ఉండాలట. జనం డాక్టరు మాట వినకపోయినా పూజారి మాట, పాస్టరు మాట వింటారు కాబట్టి వాళ్లను కూర్చోబెట్టి చెప్పమన్నారు. ఆలోచన మంచిదే. దాన్ని చెడగొట్టడానికి కావలసిన మనుషులంతా మా ఊళ్లోనే ఉన్నారు.

సత్తుపల్లి దాటి అడవి వైపు పోయే దారిలో ఒక పెద్ద ఊళ్లో నేను నర్సుల మీద సూపర్‌వైజర్‌గా పనిచేసేదాన్ని. ఊళ్లో రాములవారి గుడి ఉంది. దాని చైర్మన్‌కి పామాయిల్ తోటలున్నాయి. తాతలనాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఊరి చివర రేకుల చర్చి ఉంది. అడవి లోపలి గూడేల నుంచి కూడా జనం ఆదివారం దానికి నడిచి వస్తారు.

మీటింగు ఎక్కడ పెట్టాలన్న దగ్గరే సగం బలం అయిపోయింది. గుడి మండపంలోకి పాస్టరు రానన్నాడు. చర్చి గడప తొక్కనని చైర్మన్ అన్నాడు. చివరికి బడి వరండాలో టెంట్‌హౌస్ కుర్చీలు వేయించాం. తర్వాత ఫ్లెక్సీ గొడవ. అందులో తన బొమ్మ పాస్టరు బొమ్మకంటే పెద్దగా ఉండాలని చైర్మన్ కబురు పంపాడు. ఇద్దరివీ సమానంగా వేయించాను. ఇద్దరూ అలిగారు.

నేను వాళ్లను అడిగింది చాలా చిన్న సంగతి. జ్వరమొచ్చినవాళ్లు గుడికీ ప్రార్థనకీ రాకుండా ఇంట్లో ఉండాలని మీ నోటితో మీరు చెప్పండి. అందరికీ చేత్తో పంచేవి, ఒకే గిన్నెలోంచి ఇచ్చేవి ఆ కొన్నాళ్లు ఆపండి. ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు అన్నం, మందులు ఎవరు మోయాలో ఇప్పుడే అనుకోండి.

చైర్మన్ శాలువా సర్దుకుంటూ అన్నాడు, "రాములోరి నీడలో ఉన్నం సిస్టరమ్మా. మాకేం వస్తదమ్మా రోగం?"

"కరోనాలో వచ్చింది కదండీ," అన్నాను.

"అది వేరే."

పాస్టరు లేచి, చైర్మన్ ఎంతసేపు మాట్లాడాడో తనకూ అంతసేపు మైకు కావాలన్నాడు. ఇచ్చాం. విశ్వాసం ఉన్నవాళ్లను ఏ పురుగూ ముట్టదని చెప్పి కూర్చున్నాడు.

ఆయన వెనకాల ఒక ముసలమ్మ నేల మీద కూర్చుంది. కోయగూడెం మనిషి. ఒంటరిది. కొడుకు కోడలు కూలికి దూరం పోయారట. ఆమె ఒక్కతే పనికొచ్చే ప్రశ్న అడిగింది. "నాకు జరమొస్తే నీళ్లెవరు పోస్తరు బిడ్డా?"

నేను పాస్టరు వైపు చూశాను. "ప్రభువే చూసుకుంటడు అవ్వా," అన్నాడాయన, మెడలో కండువాతో చెమట తుడుచుకుంటూ. ఫొటో కోసం అందరూ మాస్కులు పెట్టుకున్నారు. ఫొటో తీయగానే గడ్డం కిందికి లాగేశారు. పైవాళ్లకు కావలసింది ఆ ఫొటోయే. చాలా బాగా జరిగిందని మెచ్చుకున్నారు కూడా.

తరువాతి వానాకాలం జ్వరాలు మొదలయ్యాయి. అది మహమ్మారేమీ కాదు, ఫ్లూయే. కానీ ఇల్లిల్లూ పడుకుంది. బడిలో సగం పిల్లలు లేరు. మా దవాఖానా వరండా దగ్గులతో మోగిపోయేది. నేను చైర్మన్ ఇంటికి పోయి, తొలి ఏకాదశి దగ్గరికొస్తోంది, జనాన్ని లోపలికి రానీయకుండా బయటి నుంచే దర్శనం పెట్టించండని అడిగాను.

"పండుగ పూట గుడి మూస్తరా ఎవరన్నా?" అన్నాడు. "ఎమ్మెల్యే గారి బావమరిది వస్తుండు. ఆయన్ని వాకిట్లో నిలబెట్టమంటవా?"

ఊరంతా ఆయాసపడుతుంటే ఆయన దిగులు ఒక బావమరిది గురించి.

ఏకాదశి పొద్దున నేను గుడికి పోయేసరికి వరుస రోడ్డు దాకా ఉంది. తడిసిన గొడుగులు, పసిపిల్లలు, ముక్కులు చీదుకునే ముసలివాళ్లు. మండపంలో చైర్మన్ పెద్ద బేసిన్ ముందు కూర్చుని పేలాల పిండి పిడికిళ్లతో తీసి చేతుల్లో పెడుతున్నాడు. మధ్యమధ్యలో దగ్గుతున్నాడు. అదే చేయి నోటికి, అదే చేయి పిండిలోకి.

లోపల పూజారి పంతులుగారు నిలబడలేక స్తంభానికి ఆనుకున్నారు. కళ్లు ఎర్రబడ్డాయి. మాటతోపాటు పిల్లికూతలు వినిపిస్తున్నాయి. ఆయనకు ఉబ్బసం ఉందని నాకు తెలుసు. చేయి పట్టి చూస్తే కాలిపోతోంది.

"ఇంటికి పోండి పంతులుగారూ," అన్నాను. "మీకూ మంచిది కాదు, తీర్థం తీసుకునేవాళ్లకూ మంచిది కాదు."

"పొద్దున్నే చెప్పినమ్మా చైర్మన్‌గారికి. జరమైతే ఒక గోలీ వేసుకో, తీర్థం మాత్రం ఆగొద్దన్నడు. నేను ఇంటికి పోయి పడుకుంటే రేపటికి ఇంకొకాయన వచ్చి ఇక్కడ నిలబడతడు."

నేను బయటికొచ్చి చైర్మన్ ముందున్న బేసిన్ మీద మూత పెట్టాను. అంతమందిలో ఆ పని చేశానని ఇప్పటికీ నాకు సంతోషంగానే ఉంది. ఆయన లేచి నిలబడ్డాడు.

"ఏందమ్మా ఇది? దేవుని ప్రసాదం మీద చెయ్యేస్తవా? నీ దవాఖానా కాదిది!"

"దవాఖానా అయితే మీలాంటివాళ్లను గుమ్మం దగ్గరే ఆపేదాన్ని," అన్నాను.

జనం గుమిగూడారు. ఎవరో నన్ను బయటికి పొమ్మన్నారు. ఆ సమయంలో మైకు గరగరలాడింది. పంతులుగారి గొంతు.

"భక్తులారా, ఒక మాట. తెల్లవారంగ మన స్వామికి జ్వరం తగిలింది."

వరుసలో తలలన్నీ గర్భగుడి వైపు తిరిగాయి.

"వానలు గదా. మిరియాల కషాయం నైవేద్యం పెట్టినం. తెర వేస్తున్న. స్వామి తేరుకునేదాకా తీర్థం లేదు, ప్రసాదం లేదు, లోపలికి ఎవ్వరూ రావద్దు. బయటి నుంచే దండం పెట్టుకోండి. ఇంట్లో జ్వరమొచ్చినోళ్లుంటే పోయి వాళ్లకు సేవ చేయండి. స్వామికి చేసినట్టే."

తెర పడింది. నవ్వుతారేమో, తిడతారేమో అని నేను జనం వైపు చూశాను. ఎవరూ నవ్వలేదు. నా పక్కనున్న ఒకామె చెంపలు వేసుకుని, "అయ్యో, స్వామికి జరమా? ఈ ముసురుల ఎవ్వలికి రాదు!" అంది. వరుస వెనక్కి తిరిగింది. ఏడాదిగా మేము అంటించిన పోస్టర్లు చేయని పని ఒక్క మాట చేసింది. ఆ వారమంతా ఇళ్లల్లో కోడళ్లు, కూలివాళ్లు, పడుకునే హక్కు ఎన్నడూ లేనివాళ్లు పడుకున్నారు. ఎవరైనా గొణిగితే, "స్వామే పండుకున్నడు, నేనెంత?" అని తిరిగి అడిగేవాళ్లు. నేను ఇంటింటికీ తిరుగుతూ ఆ మాట చెవులారా విన్నాను.

పాస్టరుకు మాత్రం అది పోటీలా కనిపించింది. "వాళ్ల దేవునికి జరం వస్తదేమో, మన దేవునికి రాదు" అని ఊరంతా చాటించి, ఆదివారం స్వస్థత ప్రార్థన పెట్టాడు. వద్దని చెప్పడానికి పోతే, "సిస్టరమ్మా, గుడి మూసినట్టు చర్చి మూయమంటున్నవా? ఓడిపొమ్మంటున్నవా?" అని అడిగాడు. ఎవరి మీద గెలవాలో నాకు అర్థం కాలేదు. రేకుల కింద జనం కిక్కిరిశారు. తలల మీద చేతులు, చేతుల మీద చేతులు.

కోయగూడెం ముసలమ్మ ఆ ఆదివారం నడిచి వచ్చి నడిచి పోయింది. తర్వాత నాలుగైదు రోజులకు ఆమెకు జ్వరమని మా ఆశా కార్యకర్త ఫోను చేస్తే ఆటోలో బయలుదేరాను. వాగు దాకా పోయి అక్కడి నుంచి నడిచాను. నేను పోయేసరికి ఆమె గుడిసెలో చాప మీద ప్రాణం పోయి పడి ఉంది. కుండ ఖాళీగా ఉంది. పక్క గుడిసెల్లో అందరూ జ్వరంతో పడి ఉన్నారు, ఎవరూ లేచి వచ్చే స్థితిలో లేరు.

పాస్టరు సమాధి దగ్గరికి చిన్న స్పీకరు తెచ్చుకున్నాడు. ప్రభువు పిలుచుకున్నాడని మాట్లాడాడు. ఎవరూ నీళ్లు ఇయ్యలేదని నేనన్నాను. ఆయన స్పీకరు శబ్దం పెంచాడు.

జ్వరాలు తగ్గాక చైర్మన్ కమిటీని పిలిచి, దేవుని పేరు మీద అబద్ధమాడాడని పంతులుగారిని తీసేశాడు. ఎమ్మెల్యే బావమరిది వాకిట్లోంచే వెనక్కిపోయాడన్నది అసలు నేరం. పంతులుగారు వేంసూరు వైపు బంధువుల ఊరికి పోయి, పెళ్లిళ్లకూ వ్రతాలకూ తిరుగుతున్నారని విన్నాను. ఒకసారి కలిశాను. మనిషి చిక్కిపోయారు. మందు పీల్చే గొట్టం జేబులోనే ఉంది. "అబద్ధమెక్కడిదమ్మా? గర్భగుడిలో నిలబడ్డ నాకు జ్వరమొస్తే స్వామికి రాదా?" అన్నారు, ఏ కోపమూ లేకుండా. ఆ కోపమంతా నాకే వచ్చింది.

చలికాలంలో మా పైవాళ్లు ఖమ్మంలో ఒక సభ పెట్టారు. జ్వరాల వేళ ఆదర్శంగా నిలిచిన ప్రార్థనాస్థలాలకు సన్మానం. స్టేజీ మీద మా చైర్మన్! భుజాల మీద కొత్త శాలువా. స్వామికి విశ్రాంతి ఇవ్వాలన్న ఆలోచన తనకు ఎలా తట్టిందో చెబుతుంటే అధికారులు తలలూపుతున్నారు.

నేను లేచి నిలబడ్డాను. "ఆ మాట అన్నది పంతులుగారు. ఈయన ఆయన్ని పనిలోంచి తీసేశాడు," అన్నాను. మైకు లేకపోయినా హాలంతా వినిపించింది.

చైర్మన్ ఏమాత్రం తొణకలేదు. నవ్వాడు. "అవ్ సిస్టరమ్మా, ఆయనే అన్నడు. ఆయన మా గుడి జీతగాడే గదా! జీతగాని నోట్లో మాట యజమానిది కాక ఎవరిది?"

హాల్లో నవ్వులు. ఒక అధికారి వాచీ చూసుకుని, "మేడం, భోజనాలకు టైమైంది," అన్నాడు. అందరూ కుర్చీలు జరిపి లేచారు. నేను బస్టాండుకు నడిచి సత్తుపల్లి బస్సెక్కాను.