ఊకలో వచ్చిన ఐసు దిమ్మెలు

నిన్న జమ్మలమడుగులో ఒక చావింటికి వెళ్లాను. అద్దాల ఫ్రీజర్ పెట్టె గుర్రుమంటోంది. మన చిన్నప్పుడు ఇవెక్కడివి? ప్రొద్దుటూరు నుంచి ఊకలో పొర్లించిన ఐసు దిమ్మెలు తెచ్చేవాళ్లు, గుర్తుందా?

మా ఇంటికి అవి ఒక్కసారే వచ్చాయి. కువైట్‌ నుంచి నాయన వచ్చేదాకా శవాన్ని ఉంచాలన్నారు. నడి ఎండాకాలం.

"కరిగిపోతాంది, ఇంకో దిమ్మె ఎయ్యండప్పా!" అని మేనమామ అరుస్తున్నాడు.

నాకు ఆరేళ్లు. విరిగిపడిన రెండు ఐసు ముక్కలు ఏరుకుని, ఒకదానికొకటి ఆనించి గట్టిగా నొక్కాను. వదిలితే అతుక్కుపోయాయి! ఒత్తిడికి అంచులు కాస్త కరుగుతాయనీ, వదిలేస్తే మళ్లీ గడ్డకడతాయనీ సైన్సు సారు చెప్పింది ఎన్నో ఏళ్ల తర్వాత. ఆ రోజుకు మాత్రం అది నేను కనిపెట్టిన వింత.

ఏ వింతైనా ముందు అమ్మకే చూపించేదాన్ని. జనాన్ని తోసుకుంటూ పరిగెత్తాను.

"యాడికి పోతాండావే?" అంది అవ్వ.

"అమ్మకు చూపిస్తా."

అవ్వ నన్ను ఆపలేదు. దిమ్మెల మీద పడుకోబెట్టిన అమ్మ అరచేతిలో ఆ ముక్క పెట్టాను. నా చేతిలో అంతసేపూ నీళ్లు కారిన ముక్క, అమ్మ చేతిలో చాలాసేపు కరగకుండా అలాగే ఉండిపోయింది.