నాలుక గీసుకోకుండా రండి

చవితి ముందురోజు పంజాగుట్ట మెట్రో మెట్లు దిగి పత్రి కొంటుంటే, అమ్మే ఆవిడ మాచిపత్రి కట్ట ఒకటి నా చేతిలో పెట్టింది. నలిగిన ఆకు వాసన తగలగానే నా నోరు దానంతటదే తెరుచుకుంది, నాలుక బయటికి రాబోయింది. ఇంత వయసొచ్చిన ఆడమనిషి నడిరోడ్డు మీద నాలుక చాపితే ఎవరికైనా అనుమానమే. పత్రి ఆవిడ కాస్త వెనక్కి జరిగింది. ఎండబెట్టిన మాచిపత్రి కాలుతున్న పొగలోనే సులోచన మేడమ్ నా నాలుక చూసేవారని ఆవిడకేం తెలుసు?

అమీర్‌పేటలో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే కనిపించే రోజులవి. నేను అమలాపురం నుంచి వచ్చి మధురానగర్ హాస్టల్లో చేరాను. కొన్నాళ్లకే తిన్నది ఒంటపట్టడం మానేసింది. కడుపు ఉబ్బరం, కాళ్లలో నీరసం, క్లాసులో కూర్చుంటే కునుకు. కోర్సు అయ్యేలోగా కోలుకోకపోతే సామాను సర్దుకుని ఇంటికి వచ్చెయ్యమని నాన్న తేల్చి చెప్పేశారు. నా భయం చూసి హాస్టల్ వార్డెన్ నన్ను సులోచన మేడమ్ దగ్గరికి పంపింది. ఆవిడ వరంగల్ వైపు మనిషి, కలకత్తాలో ఒక చైనా వైద్యుడి దగ్గర చాలాకాలం నేర్చుకుని వచ్చారట.

ఒక కంప్యూటర్ సెంటర్ పైన ఉండేది ఆ గది. పొగ చెదరకూడదని ఫ్యాన్ వేసేవారు కాదు. కింద అంత రొద ఉన్నా, తలుపు మూసుకోగానే చెవుల్లో దూది పెట్టినట్టుండేది. తలుపు మీద ఒకటే మాట రాసి ఉండేది: నాలుక గీసుకోకుండా రండి. మా ఇంట్లో నాలుక గీసుకోనిదే కాఫీ గ్లాసు కూడా ముట్టనివ్వరు. అలాంటిది పాచి నాలుక పరాయి మనిషికి ఎలా చూపించను? మర్యాదగా రెండుసార్లు గీసుకుని మరీ వెళ్లాను.

"అంత చెరిపేసి తెచ్చినవు. ఇంక నేనేం చదవాలె? పో, రేపు రా" అన్నారు. మొదటిరోజు అందరూ చేసే పొరపాటేనట అది.

మర్నాడు సిగ్గు చంపుకుని చాపాను. టార్చిలైటు వేసి చూశారు. నాలుక అంచుల మీద పంటి గాట్లు పడ్డాయన్నారు. తర్వాత, తినేటప్పుడు చదువుతున్నానా అని అడిగారు. టిఫిన్ బండి దగ్గర నిలబడి ఒక చేత్తో నోట్సు, ఇంకో చేత్తో ప్లేటు పట్టుకుని తింటానని వార్డెన్‌కి కూడా తెలియదు. చైనా వైద్యంలో ప్లీహమంటే స్కానింగులో కనిపించే అవయవం మాత్రమే కాదట, తిన్నదాన్ని ఒంటికి పట్టించే శక్తి మొత్తమట. చల్లటివీ పచ్చివీ దాన్ని ఆర్పేస్తాయట, దిగులు దాన్ని తినేస్తుందట. అందుకని పొద్దున్నే అల్లం వేసిన వేడి జావ, మధ్యాహ్నం మెత్తగా ఉడికిన గుమ్మడికాయ కూర, అన్నం. కూల్ డ్రింకు బంద్, కంచం ముందు పుస్తకం బంద్. తిన్నాక నెమ్మదిగా నాలుగడుగులు వెయ్యాలి. మా అమ్మమ్మ చెప్పేదానికి చైనా పేరు పెట్టారనుకుని గొణుక్కుంటూనే అన్నీ చేశాను. వెళ్లినప్పుడల్లా మోకాలి కింద వేడి తగిలేలా, చర్మానికి అంటకుండా, ఎండు మాచిపత్రి చుట్టిన పుల్ల వెలిగించి పట్టుకునేవారు. చివర నాలుక చూసి "ఏం లేదు. పోయి వేడిగ తిను" అనేవారు. నెమ్మదిగా నాకు ఆకలి తెలిసింది.

ఒకరోజు కింది సెంటర్ ఓనరు పైకి వచ్చాడు. గ్యాస్ పట్టిందని, జర చూడమని జోకులేస్తూ నాలుక చాపాడు. మేడమ్ చూశారు. ఏమీ అనలేదు. కాలుతున్న పుల్లని ఇసుకలో గుచ్చి ఆర్పేశారు. కాసేపటికి, ఇవాళే పంజాగుట్ట పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. మస్తుగ ఉన్న, ఫికర్ చెయ్యకుండ్రి అని అతను నవ్వుకుంటూ దిగిపోయాడు. మళ్లీ నేను వెళ్లేసరికి సెంటర్ షట్టర్ దించి ఉంది. దాని మీద అతని ఫోటో, ఫోటోకి దండ.

ఆ నాలుక మీద ఏం కనిపించిందని అడిగాను.

"చెప్తే మందైతదా? అది నా చేతిల లేని పని. పంపియ్యాలె, గంతే" అన్నారు.

అప్పటినుంచీ ఆవిడ మాటకి కాదు, మౌనానికి భయపడ్డాను. నాలుక చాపి, ఆ "ఏం లేదు" వినిపించేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని.

ఒక పొద్దున తలుపు ఓరగా ఉంటే లోపలికి వెళ్లాను. మేడమ్ అద్దం ముందు నాలుక చాపి నిలబడి ఉన్నారు. కదలట్లేదు. అద్దంలో నన్ను చూశాక కూడా వెంటనే నోరు మూసుకోలేదు. ఆ తర్వాత ఆవిడ చిక్కిపోవడం మొదలైంది. గాజులు మోచేతి దాకా జారేవి. ఇంకోరోజు చేతులు కడుక్కుంటుంటే వాష్‌బేసిన్ అంచున రాగి నాలుకబద్ద కనిపించింది. ఊరందరికీ వద్దని చెప్పే మనిషి గదిలో అది! ఆవిడ రోజూ చెరిపేసుకుంటున్నారు. నన్ను ఈ ఊళ్లో నిలబెట్టిన మనిషి, ఆవిడ లేకుండా పోతారన్న ఊహే భరించలేకపోయాను.

"మేడమ్, మీ నాలుక చూపించండి" అన్నాను.

నవ్వి, ఆట పట్టిస్తున్నట్టే చాపారు. కడిగిన పలకలా ఉంది. రాసి ఉన్నా చదవడం నాకు రాదు. ఏదో ఒకటి అనాలి. అనలేదు. కాలుతున్న పుల్ల తీసుకుని ఇసుకలో గుచ్చాను.

ఆవిడ మొహంలో నవ్వు పోయింది. "ఏం కనిపించిందమ్మా?" అన్నారు. ఆ గదికి వచ్చే ప్రతి మనిషి గొంతూ అదే.

నేను మేకుకి తగిలించి ఉన్న ఆవిడ హ్యాండ్‌బ్యాగు తీసి భుజాన వేసుకున్నాను. ఆటోలో, పంజాగుట్ట చౌరస్తా ట్రాఫిక్‌లో, ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. నాడి చూస్తున్నారేమో అనుకున్నాను. కాదు, ఊరికే పట్టుకున్నారు.

ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ఆవిడ బతికారు. గది ఖాళీ చేసి వరంగల్‌లో చెల్లెలింటికి వెళ్లిపోయారు. నాకు ఉద్యోగం వచ్చాక కూడా ఫోన్ చేసి, వేడిగా తింటున్నానా అని అడిగేవారు. చాలా ఏళ్ల తర్వాత ఆ ఫోన్లు ఆగిపోయాయి.

ఇప్పటికీ పొద్దున్నే అద్దంలో నాలుక చూసుకుని, "ఏం లేదు. పోయి వేడిగ తిను" అనుకున్నాకే గీసుకుంటాను. మొదట్లో ఆ మాట నేనే పైకి అనేదాన్ని. కొన్నాళ్లుగా నేను పెదవి కదపకముందే వినిపిస్తోంది, ఆవిడ గొంతుతోనే. మా ఆయన నవ్వుతారు, నవ్వనివ్వండి. అది వినిపించేదాకా నేను అద్దం ముందునుంచి కదలను.

ఈ పొద్దున కొంచెం ఆలస్యంగా వినిపించింది.