తేదీ లేని పది సంతకాలు

మనిషి కంటే ముందు చప్పుడు వస్తుంది. పాత సైకిలు చెయిన్ కవరు కటకటలాడుతూ వేపచెట్ల కింద మలుపు తిరగగానే భిలాయి సెక్టర్ ఆరులో అరుగుల మీది ముఖాలు అటు తిరుగుతాయి. ఆ తర్వాతే నూలు చీర, తెల్లబడిన బంగారు జుట్టు, హ్యాండిల్‌కు కూరల సంచి. నీలిమ వస్తోంది.

పాస్‌పోర్టులో ఆమె పేరు గలీనా. పుట్టింది రష్యాలోని ఒక ఉక్కు పట్నంలో. భిలాయి ఉక్కు కర్మాగారం నుంచి శిక్షణకు వచ్చిన గురునాథరావును అక్కడే పెళ్ళాడి, ఇరవై నాలుగేళ్ళ వయసులో ఇక్కడికొచ్చింది. అత్తగారు పైడమ్మ ఆమె కళ్ళు చూసి నీలిమ అని పిలిచింది, తన బొబ్బిలి మాటే నేర్పింది. రష్యాలో తల్లి ఒక్కతే ఉండేది. ఈ దేశ పౌరసత్వం తీసుకుంటే ఆ పాస్‌పోర్టు వదులుకోవాలి, కన్నతల్లిని చూడ్డానికి వీసా అడగాలి. అందుకే నీలిమ విదేశీయురాలిగానే ఉండిపోయింది. నివాస అనుమతి గడువు దగ్గరపడినప్పుడల్లా గురునాథరావు ఒక ఉత్తరం రాసి సంతకం పెట్టేవాడు: ఈమె నా భార్య, నాతోనే ఉంటోంది. ఆ రెండు ముక్కల నీడలో ముప్పై తొమ్మిదేళ్ళు గడిచాయి.

"నువ్వు విదేశీదానివేటి వదినా?" అని పక్కింటి నూకరత్నం నవ్వేది. "వీసా మా కోడలికి కావాల. ఇక్కడే పుట్టినాది, తెలుగు ముక్క రాదు!"

ఫిబ్రవరిలో గురునాథరావు పోయాడు. జూన్‌లో నీలిమ నివాస అనుమతి ముగుస్తుంది. తల్లి పోయి నాలుగేళ్ళయింది. తిరిగి వెళ్ళమంటే, తలుపు తీసేవాళ్ళు లేని ఊరికి వెళ్ళాలి.

బీరువాలో అనుమతి కాగితాల ఫైలు తెరిస్తే పది తెల్లకాగితాలు కనిపించాయి. ప్రతిదాని అడుగునా భర్త సంతకం. తేదీ లేదు. ఆమెకు వెంటనే అర్థమైంది. రైలు పట్టాల మిల్లులో ఆయన ఫోర్‌మన్. కార్మికులు ఖాళీ సెలవు చీటీల మీద సంతకాలు పెట్టి ఆయన సొరుగులో ఉంచేవారు. ఎవరైనా చెప్పకుండా మానేస్తే ఆయన తేదీ వేసి నాగా పడకుండా కాపాడేవాడు. ఆస్పత్రి మంచం మీద ఆయన భార్యకూ అదే పని చేసిపెట్టాడు.

"టెన్షన్ మత్ లో ఆంటీ," అన్నాడు మార్కెట్‌లో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే దుకాణం నడిపే జితేంద్ర. "అంకుల్ సైన్ ఉంది కదా. పైన మేటర్ టైపు చేసి నేను డేట్ వేసేస్తా. కిస్కో పతా చలేగా, ఎవరికి తెలుస్తుంది?"

నీలిమ తలూపింది. ఒక కాగితం వెళ్ళిపోయింది.

వారానికి రాయపూర్‌లోని విదేశీయుల నమోదు కార్యాలయం నుంచి సందేశం వచ్చింది: భర్తతో కలిసి హాజరు కావాలి.

"అంకుల్ బీమార్, మంచం మీదున్నారని చెప్పేయండి," అన్నాడు జితేంద్ర. బస్సులో ఆ మాటే వల్లించుకుంటూ కూర్చుంది. కుమ్హారి ఊరు దాటేసరికి వెనక కర్మాగారం పొగగొట్టాలు కనబడకుండా పోయాయి, ఇన్నేళ్ళూ ఆమె ఆకాశానికి గుంజలవి. అధికారి ముందు నోరు తెరిస్తే ఆ మాట రాలేదు. సంచిలోంచి మరణ ధ్రువీకరణ పత్రం తీసి బల్ల మీద పెట్టింది. పక్కన మిగిలిన తొమ్మిది కాగితాలు పేర్చింది.

"ఏమిటివి?" హిందీలో అడిగాడు అధికారి.

"మా ఆయన నాకు పెట్టిన సెలవు చీటీలు," అని మిల్లులో పద్ధతి చెప్పింది.

ఆయన ఒక్కొక్క సంతకం చూశాడు. చివరి వాటిలో అక్షరాలు వంకర్లు పోయాయి.

"పోయిన మనిషి పేరుతో ఉత్తరం పెట్టడం తప్పని తెలుసా?"

"తెలుసు. అందుకే మిగతావీ తెచ్చాను."

అధికారి కంప్యూటర్‌లో ఆమె దరఖాస్తు తెరిచాడు. "ఆ దరఖాస్తు రద్దు చేస్తున్నాను. మీ భర్త మరణం చూపించి, మీ పేరుతో మీరే మళ్ళీ పెట్టండి. ఇస్తారో లేదో నేను చెప్పలేను." కాగితాలు ఆమె వైపు జరిపాడు.

మళ్ళీ దరఖాస్తు పెట్టి నలభై ఒక్క రోజులు ఎదురుచూసింది. ఇక్కడ ఉంటుందో లేదో తెలియక, ఆ రోజుల్లో పెరట్లో కొత్త మొక్క ఒక్కటీ నాటలేదు. నలభై రెండో రోజు ఏడాదికి అనుమతి వచ్చింది.

ఇదంతా చెప్పి నీలిమ సైకిలు స్టాండు తీసింది. ఈ కథ రాసుకుంటున్న నాతో ఆమె ఆఖరుగా అన్న మాట ఇది:

"ఎవరితో ఉంటన్నారని ఫారంలో ఒక గడి ఉన్నాది. ఒంటరిగా అని రాయబుద్ధి కాలేదమ్మా. సెక్టర్ ఆరోళ్ళతో అని రాసీసినాను. ఆఫీసోళ్ళేటీ అనలేదు."