తెర వెనక్కి పంపిన గొంతు

మా మేనత్తకి కోపం ఎక్కువని మావాళ్ళంతా అంటారు. నేనొప్పుకోను. ఆవిడ కోపం ఎప్పుడూ పడాల్సిన చోటే పడుతుంది. అక్కడ నోరు మూసుకుని కూర్చునే మనబోటివాళ్ళకి అది ఎక్కువనిపిస్తుంది, అంతే.

ముప్ఫై ఏళ్ళు అచ్చాఫీసులో పనిచేసింది. ఆవిడ పని చదవడం. రాతప్రతి పట్టుకుని ఆవిడ పైకి చదువుతుంటే, బల్లకి అవతల కూర్చున్న ప్రూఫ్‌రీడరు అచ్చు కాగితంతో సరిచూసి తప్పులు దిద్దేవాడు. కామా ఉంటే కామా అనీ, ఫుల్‌స్టాప్ ఉంటే ఫుల్‌స్టాప్ అనీ పలకాలి. ఏడుపు కథైనా ఎరువుల ప్రకటనైనా ఒకటే గొంతు, ఒకటే వేగం. అవతలి కుర్చీలో కూర్చున్నాయనే మా మామయ్య. రెండేళ్ళు అలా చదివి వినిపించాక ఆయన్నే పెళ్ళి చేసుకుంది. "అంత ఓపిగ్గా నా మాట వినే మగాడు మళ్ళీ దొరకొద్దూ?" అంటుంది ఇప్పటికీ.

ఆ మామయ్యకి చూపు పోయింది. వెలుగూ నీడా, కదిలే మనుషులూ తెలుస్తారు కానీ, అక్షరం అలుక్కుపోతుంది. జన్మంతా అక్షరాల్లో తప్పులు వెతికిన మనిషికి అసలు అక్షరమే కనిపించకపోతే ఏం మిగులుతుంది? డాక్టరు దగ్గరికి తప్ప గడప దాటి ఏడాదిన్నర అయింది. ఎవరు పిలిచినా "నేనెందుకులే" అనేవాడు. కాలనీ పార్కులో ఆరుబయట సినిమా వేస్తున్నారని నేను చెప్పిన రోజున మాత్రం, "ఏ సినిమా?" అన్నాడు. ఏదో పరాయి దేశపు సినిమా, కింద మన భాషలో మాటలు పడతాయట అన్నాను. "మీ అత్త చదివితే వస్తా."

అత్తయ్య వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చి, "ఆ చొక్కాతోనే వస్తారా? మార్చుకోండి," అని కసిరింది.

పార్కులో రెండు ఇనప స్తంభాల మధ్య పల్చటి తెల్లగుడ్డ బిగించి కట్టారు. మేం మూడో వరసలో కూర్చున్నాం. బొమ్మ పడగానే అత్తయ్య అందుకుంది.

"నువ్వు రావద్దు ఫుల్‌స్టాప్ నీ ఉత్తరం వస్తే కామా చింపేస్తాను ఫుల్‌స్టాప్."

ముందు వరస కిసుక్కుమంది. ముప్ఫై ఏళ్ళ అలవాటు, అచ్చక్షరం కనిపిస్తే చాలు నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుంది. మామయ్య మాత్రం తలపంకిస్తూ, ఏడాదిన్నరలో నేను చూడని మొహంతో వింటున్నాడు.

కాలనీ కమిటీ కార్యదర్శి వంగి వంగి వచ్చాడు. "ఆంటీ, కొంచెం మెల్లగా." అత్తయ్య గొంతు తగ్గించింది. లౌడ్‌స్పీకర్ల హోరులో అది మామయ్య దాకా వెళ్ళలేదు, మళ్ళీ పెంచింది. అతను మళ్ళీ వచ్చాడు.

"ఆంటీ, ఇక్కడ అందరికీ చదువొచ్చు. మీరు చదవక్కర్లేదు."

"ఈయనకి కనపడదు బాబూ."

"కనపడకపోతే సినిమాకి ఎందుకండీ?"

నా ఒళ్ళు భగ్గుమంది. ఆ మాట అంటున్నప్పుడు వాడి మొహంలో కాస్త సిగ్గైనా ఉంటే ఈ కథ రాసేవాణ్ణి కాదు. లేచి కాలర్ పట్టుకుందామనుకున్నాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. "గొడవైతే ఈయన సినిమా పోతుంది. కూర్చో."

ఆవిడ కోపం దిగమింగడం నేను చూడటం అదే మొదటిసారి. చాలా అసహ్యంగా ఉంది.

మూడోసారి వచ్చి మామయ్య కుర్చీ వీపు మీద చెయ్యే వేశాడు. "తెర వెనక బోలెడు ఖాళీ ఉంది. అక్కడ మీరెంత గట్టిగా చదువుకున్నా ఎవరూ ఏమీ అనరు." ఏదో దానం చేస్తున్నట్టు అన్నాడు. చుట్టూ ఉన్న పెద్దమనుషులంతా తెరకేసే చూస్తూ కూర్చున్నారు. మామయ్య లేచి, "ఇంటికి పోదాం పదవే," అన్నాడు. ఇవాళ ఇంటికి పోతే ఈ మనిషి ఇంక గడప దాటడని నాకు అర్థమైపోయింది. అత్తయ్యకి నాకంటే ముందే అర్థమైంది.

"వెనక్కే పోదాం," అంది.

వెనక్కి వెళ్ళి చూస్తే బొమ్మ గుడ్డలోంచి బాగానే కనిపిస్తోంది కానీ, కుడి ఎడమలు తారుమారు. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. నేను ఒక్క మాట కూడబలుక్కునేలోపు వాక్యమే మాయమైపోతోంది.

"ఇదేం చదువుతావత్తయ్యా? పోదాం."

"నీ మొహం! అచ్చాఫీసు సీసపు అక్షరాలు ఇలాగే తిరగబడి ఉంటాయిరా. పేజీ అచ్చుకెళ్ళే ముందు సీసం మీదే చదివేదాన్ని."

కుర్చీ వేసుకుని చదివింది, కుడి నుంచి ఎడమకి, పొల్లు పోకుండా. దిగమింగిందంతా గొంతులోకి వచ్చింది కాబోలు, గుడ్డ అవతలికీ వినిపించేలా చదివింది.

కాసేపటికి ఇస్త్రీ బండి ఆవిడ తెర పక్కనుంచి తొంగిచూసింది. "నాకు చదువు రాదమ్మా. ఇందాకటి నుంచి బొమ్మలు చూసి ఊహించుకుంటున్నా. ఇక్కడ కూర్చోనా?" తర్వాత కళ్ళజోడు మర్చిపోయిన ఒక తాతగారు, ఆ తర్వాత గేటు దగ్గరి వాచ్‌మన్, వాళ్ళ వెనకాల ఇంకెందరో. అందరికీ చదువొచ్చట! సినిమా ముగిసేసరికి పాతికమంది పైనే గడ్డి మీద కూర్చున్నారు. కథలో కొడుకు తల్లి శవం మీద పడితే, అత్తయ్య అదే గొంతుతో "అమ్మా ఆశ్చర్యార్థకం" అంది. ఒక్కరూ నవ్వలేదు. ఇస్త్రీ ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

దీపాలు వెలిగాయో లేదో, కార్యదర్శి ఫోనుతో ఫోటోలు తీసుకుంటూ ఇటు వచ్చాడు. "ఆంటీ, అదరగొట్టేశారు! వచ్చే నెల నుంచి తెర వెనక మీకు ప్రత్యేకంగా ఏర్పాట్లు చేస్తాం. కమిటీ తరఫున అనౌన్స్ కూడా చేయిస్తా."

అత్తయ్య లేచి నిలబడింది. "తప్పకుండా చెయ్యి నాయనా. మంచి కుర్చీలు వేయించు. వచ్చే నెల మేమంతా ముందు కూర్చుంటాం. నా గొంతు పడనివాళ్ళని ఇక్కడికొచ్చి చదువుకోమను."

అతను ఏదో నసగబోయాడు. మామయ్య చేతికర్ర నేలకేసి కొట్టాడు.

"అవన్నీ తర్వాత. ముందు ఏ తారీఖో చెప్పి కదులు."