మూడు రావాల్సిన లెక్క

సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు లేవు. జగిత్యాలలో మా వీధి చివరే రిలే నిరాహార దీక్షల టెంటు, పొద్దుటి నుంచి మైకు. ఆ గోల చాలదన్నట్టు మా ఇంట్లో ఇంకో గోల. మా చిన్న చెల్లెకు సంబంధం వచ్చింది.

దాని భర్త దుబాయిలో పనిలో ఉండగానే గుండె ఆగి పోయాడు. అప్పటి నుంచి అదీ, మమ్మల్ని కన్న అవ్వా నా దగ్గరే ఉంటున్నారు. గొల్లపల్లిలో వ్యవసాయం చేసుకునే ఒక మనిషి, ఆయనకూ భార్య పోయింది, మా చెల్లెను చేసుకుంటానని కబురు పెట్టాడు. శుక్రవారంలోగా ఏ సంగతీ చెప్పమన్నాడు. కబురు విన్న రోజు చెల్లె చాలా కాలానికి తల నిండా నూనె పెట్టుకుని జడ వేసుకుంది.

అవ్వ ఒక మెలిక పెట్టింది. "మీరు పెద్దోళ్లు ముగ్గురు. మీకు అత్తగారిండ్లున్నయి, పెండ్లి గావల్సిన పిల్లలున్నరు. ముగ్గురు సరే అంటేనే చేద్దాం. ఒక్కరు వద్దన్నా వద్దు. గని వద్దన్నదెవ్వరో నాకు తెల్వద్దు. తెలిస్తే దాని మొఖం జూడబుద్ధి గాదు."

ఒక చెల్లె కోరుట్లలో, ఇంకొకతె సిరిసిల్లలో. కలిసి కూర్చునే వీలుంటే, ఎవరు వేసిందీ తెలియకుండా కుండలో సరేకు ఒక రకం గింజ, వద్దుకు ఇంకో రకం వేయమనేదాన్ని. ఉన్నది ఫోనొక్కటే.

దారి చూపింది నా బిడ్డ. హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతోంది, కాలేజీ బందై ఇంట్లో ఉంది. ఎవరి గుట్టు వాళ్ల దగ్గరే ఉంచుకుని, అందరి లెక్కా కలిపి తేల్చే విద్య ఒకటి ఉందట. దవాఖానలు తమ రోగుల వివరాలు ఒకరికొకరు చూపించుకోకుండానే అట్లా లెక్క కట్టొచ్చట. నేను బడికి పోలేదు, మా నాయన ఇంట్లో కూర్చోబెట్టి నేర్పిన అక్షరాలే నా చదువు. విసుక్కోకుండా చెప్పింది, దేవుడు దాన్ని చల్లగా చూడాలి.

"అమ్మా, నువ్వో అంకె మనసుల అనుకో, ఎవ్వలకు చెప్పకు. నీకిష్టమైతే దానికి ఒకటి కలుపు, లేకుంటే ఊకో. వచ్చిన అంకె కోరుట్ల చిన్నమ్మకు చెప్పు. ఆమె గూడ ఇష్టమైతే ఒకటి కలిపి సిరిసిల్లకు చెప్తది, సిరిసిల్ల చిన్నమ్మ గట్లనే చేసి మళ్ల నీకు చెప్తది. నువ్వనుకున్నది తీసెయ్. మూడు మిగిలితే పెండ్లి. ఎవ్వల మాట ఎవ్వలకు తెల్వది."

కళ్లు మూసుకుని ఒక అంకె అనుకున్నాను. ఒకటి కలిపి కోరుట్లకు ఫోన్ చేశాను.

"నూట తొమ్మిది," అన్నాను.

అవతల ఒకటే నవ్వు. "అక్కా, నీ మనసుల నూటెనిమిదికి తప్ప ఇంకోదానికి జాగ ఉంటదా? సరే అన్నవు గదా!"

నా బిడ్డ తల పట్టుకుంది. "జపమాల అంకె ఎవలన్న దాసుకుంటరా అమ్మా?"

నాకు చిర్రెత్తింది. మనసులో అంకె అనుకోమంటే మనసులో ఉన్నదే కదా వచ్చేది! ఈసారి పూజకు ఏరుకొచ్చిన పారిజాతాలు గుప్పెడు తీసి లెక్కపెట్టి, ఒకటి కలిపి చెప్పాను. అది కోరుట్ల నుంచి సిరిసిల్లకు చేరేసరికి నా ఓపిక అయిపోయింది. సిగ్నలు లేదట, బ్యాలెన్సు లేదట, మరిది ఫోను పట్టుకుని రాస్తారోకోకు పోయాడట. చివరికి సిరిసిల్ల చెల్లె అంకె చెప్పింది. నా పూల లెక్క తీసేస్తే ఏడు మిగిలింది.

ముగ్గురం కలిస్తే ఏడెట్లా వస్తుంది?

"నా మాట చెప్పి, మీద ఇంకో అయిదు కలిపిన అక్కా," అంది. "పెండ్లి ముచ్చట గదా, అయిదుగురు ముత్తయిదువల పేరు మీద."

"నిన్నెవలు కలుపుమన్నరే? గిది లెక్కనా, ఒడిబియ్యమా?"

అరిచి ఫోన్ పెట్టేశాక గాని తట్టలేదు. ఏడులో అయిదు పోతే రెండు, పైకే అనేశాను.

వంటింటి గడపలో బియ్యం చెరుగుతున్న చిన్న చెల్లె చేతిలో చేట ఆగింది. కాసేపటికి మళ్లీ ఆడింది. "అయిపాయె. గొల్లపల్లికి వద్దని చెప్పున్రి," అని అవ్వ గోడవైపు తిరిగి పడుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. నా మాట నాకు తెలుసు. మిగిలిన ఇద్దరిలో ఒకతె! ఎవరే మీలో అని అడగడానికి ఫోన్ తీస్తే నా బిడ్డ గుంజుకుంది.

"అడిగితే, వద్దన్న చిన్నమ్మ పట్టుదలకన్న వద్దనే అంటది. అడగకుంటే రేపటికి మనసు మారినా మారచ్చు. మారిందని గూడ ఎవ్వలం అనం."

ఇద్దరికీ ఒకటే కబురు చెప్పాను. రెండే వచ్చింది, పొద్దున మళ్లీ లెక్క, అయిదులు పదులు కలిపితే ఊరుకునేది లేదు. ఆ సాయంత్రం దీపం పెట్టి కూర్చుంటే నాలుక మీద నామం, మనసులో మాత్రం 'ఎవరు, ఎవరు' అన్నదే.

మర్నాడు కొత్త పూలు, కొత్త అంకె. సిరిసిల్ల ఫోన్ వచ్చేసరికి బయట ర్యాలీ. డప్పుల చప్పుడులో వినపడక అంకె మళ్లీ చెప్పించుకున్నాను. నా పూల లెక్క తీసేశాను. నమ్మకం చాలక నా బిడ్డతో కూడా తీయించాను. మూడు.

పెళ్లికి ఇద్దరూ వచ్చారు, ఇద్దరూ పొద్దంతా పనిచేశారు. నా 'సరే' మొదటే బయటపడింది కాబట్టి, ఆ 'వద్దు' ఎవరిదో కోరుట్ల చెల్లెకు తెలిసే ఉంటుందని నా బిడ్డ తర్వాత చెప్పింది. తనదైతే తనది, కాకుంటే సిరిసిల్లది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఇన్నేళ్లలో ఒక్క ముక్క జారలేదు. చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. మొక్కితే ఎందుకని అడుగుతుందని ఊరుకుంటాను.